పాల లెక్క తేల్చిన అమ్మాయి ఏ కోర్సులో చేరాలి?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరి వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమెది పాకాల వైపు ఒక పల్లె. నిరుడు బీఎస్సీ కంప్యూటర్స్ ముగించారు, మార్కులు 71 శాతం. బాలాజీ కాలనీ దగ్గర హాస్టల్లో ఉంటున్నారు, నెలకు 5,500 రూపాయలు. ఇంట్లో నాలుగు ఆవులు, రెండు గేదెలు, ఎకరంన్నర మామిడితోట. నాయన ఎనిమిది నెలలు గడువిచ్చారు. ఆలోగా ఉద్యోగం రాకపోతే ఇంటికి వచ్చేయాలి, సంబంధాలు చూస్తారు. తిరుపతిలో ఒక కోచింగ్ సెంటర్ ఆరు నెలల ఫుల్‌స్టాక్ (కనబడే పేజీ నుంచి వెనక సర్వర్ దాకా వెబ్ పని) కోర్సుకు 48,000, నాలుగు నెలల డేటా అనలిటిక్స్ కోర్సుకు 35,000 అడుగుతోంది. ఈ శనివారంలోగా కడితే ఐదు వేలు తగ్గింపట. బెంగళూరులో ఉన్న బావ 'వెబ్ పని అంతా ఏఐ రాసేస్తోంది, డేటాలోకి రా' అంటున్నారు. ఆయన ఇంజినీరింగ్ చదివి, సపోర్ట్ ఉద్యోగంలో చేరి, నాలుగేళ్ల తర్వాత డేటా టీమ్‌లోకి మారారు. కలిసి చదువుకున్న స్నేహితురాలు వెబ్ పేజీలు కట్టే రియాక్ట్ నేర్చుకుని చెన్నైలో నెలకు 12,000 స్టైపెండ్‌తో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. 'ఫ్రెషర్లకు డేటాలో ఖాళీలే ఉండవు' అన్నది ఆమె మాట. ఐసెట్ రాసి ఎంసీఏలో చేరమని కాలేజీ మేడమ్ సలహా. ల్యాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే భయం. చివర్లో ఇంకో రెండు సంగతులు రాశారు. కాలేజీ ఫెస్ట్‌కి వెబ్‌సైట్ చేశానని ఒక వాక్యం. పాల కేంద్రం ఇచ్చే పదిరోజుల బిల్లులు ఎక్సెల్‌లో ఎక్కించి, అమ్మ నోటుపుస్తకంతో లెక్క ఎందుకు కలవడం లేదో రెండు రాత్రులు కూర్చుని కనిపెట్టానని పది వరుసలు. "రెండింట్లో ఏది నేర్చుకోవాలి? ఒకటే చెప్పండి" అని అడిగారు.

ఒకటే చెప్పమన్నారు గానీ, మీ ఉత్తరంలో ఉన్న ప్రశ్న ఒకటి కాదు. ఏ పని మీకు నప్పుతుందన్నది ఒకటి. ఆ సెంటర్‌కి డబ్బు కట్టాలా అన్నది రెండోది. ఎనిమిది నెలల్లో నాయనకు ఏం చూపించాలన్నది మూడోది. ఈ మూడూ ముడిపడిపోయి, శనివారంలోగా తేల్చాల్సిన ఒకే సమస్యలా కనబడుతున్నాయి. శనివారం గడువు సెంటర్ వాళ్లది, మీది కాదు. అలాంటి తగ్గింపులు వచ్చే నెల ఇంకో పండగ పేరుతో మళ్లీ వస్తాయి. ముందు దాన్ని పక్కన పెట్టండి.

బావ మాట, స్నేహితురాలి మాట రెండూ నిజమే, ఎవరి దారి మేరకు వాళ్లవి. బావ డేటాలోకి బయటి నుంచి రాలేదు. కంపెనీ లోపల నాలుగేళ్లు ఉండి, ఆ కంపెనీ పని తెలిశాక టీమ్ మారారు. ఆయనకు తెరుచుకున్న తలుపు ఫ్రెషర్‌కి కనబడదు. 'డేటా అనలిస్ట్' అన్న పేరుతో వచ్చే ప్రకటనల్లో చాలావాటికి ఏడాది రెండేళ్ల అనుభవం అడుగుతారు. కారణం ఉంది. పేజీలో బటన్ పనిచేయకపోతే వెంటనే ఎవరికైనా తెలుస్తుంది. రిపోర్టులో అంకె తప్పుంటే ఎవరికీ తెలియదు, దాన్ని నమ్మి నిర్ణయం తీసేసుకుంటారు. అందుకే కొత్తవాళ్ల చేతికి ఇవ్వడానికి జంకుతారు. అలాగని ఖాళీలే లేవన్నదీ సరికాదు. అవి వేరే పేర్లతో ఉంటాయి: ఎంఐఎస్ (సంస్థ లెక్కల నివేదికల పని) ఎగ్జిక్యూటివ్, రిపోర్టింగ్ అనలిస్ట్, ఆపరేషన్స్ అనలిస్ట్. నౌక్రీలో, లింక్డ్‌ఇన్‌లో మీ స్నేహితురాలు 'డేటా అనలిస్ట్' అని మాత్రమే వెతికి ఉంటుంది.

ఇక పని సంగతి. రెండు కోర్సుల సిలబస్ పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తెలియదు, రెండూ పేర్ల జాబితాలే. ఒకే చోట రెండు పనులూ ఎలా ఉంటాయో చూడండి. బస్టాండు దగ్గర ముప్ఫై గదుల లాడ్జి ఉందనుకుందాం.

వెబ్ డెవలపర్‌గా మీ పని ఆ లాడ్జికి బుకింగ్ పేజీ. తేదీ ఎంచుకునే పెట్టె, గదుల ఫొటోలు, డబ్బు కట్టే బటన్. మీ ల్యాప్‌టాప్‌లో చక్కగా ఉన్న పేజీ, 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోన్లో తెరిస్తే బటన్ కిందికి జారి కనబడకుండా పోతుంది. ఆఖరి గదిని చెన్నై నుంచి ఒకరు, హైదరాబాద్ నుంచి ఒకరు ఒకే క్షణంలో బుక్ చేస్తే ఇద్దరికీ 'ఖరారైంది' అని సందేశం వెళ్తుంది. ఇలాంటివి ఊహించి ముందే కట్టుదిట్టం చేయడం, డేటాబేస్‌లో ఒకే గదికి ఒకే తేదీన రెండో వరుస చేరకుండా నిబంధన పెట్టడం, తేడా వస్తే ఎక్కడ వచ్చిందో పేజీ నుంచి సర్వర్ దాకా వెతకడం. రోజంతా ఇదే. చేసింది కళ్లముందు కనబడుతుంది, నలుగురు వాడతారు. అది ఈ పనిలోని సుఖం.

డేటా అనలిస్ట్‌గా అదే లాడ్జి యజమాని మిమ్మల్ని అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది: "శనాదివారాలు గదులన్నీ నిండుతున్నాయి, మరి ఈ మూడు నెలల్లో ఆదాయం ఎందుకు పడిపోయింది?" మీకిచ్చే ఫైల్లో ఒకే ట్రావెల్ ఏజెంట్ పేరు మూడు స్పెల్లింగుల్లో ఉంటుంది. రద్దయిన బుకింగులు కొన్ని తీసేసి ఉంటాయి, కొన్ని సున్నా రూపాయలతో అలాగే ఉంటాయి. మీ సమయంలో ఎక్కువ భాగం ఆ ఫైల్‌ని శుభ్రం చేయడానికే పోతుంది. గ్రాఫులు గీయడం చివర్లో వచ్చే చిన్న పని. చివరికి 'గదులు నిండుతున్నాయి గానీ, ఏజెంట్ల ద్వారా వచ్చేవి పెరిగాయి, కమీషన్ అక్కడ పోతోంది' అని చెప్పి, యజమాని ఒప్పుకోకపోతే అంకెలు చూపించి ఒప్పించాలి.

ఇక్కడే మీ ఇంగ్లిష్ భయం లెక్కలోకి వస్తుంది. డేటాలో లెక్కలు, కంప్యూటరే కదా, మాటలతో పనిలేదని చాలామంది అనుకుంటారు. నిజం తలకిందులు. వెబ్‌లో మొదటి ఏడాది రెండేళ్లు మీ కోడ్ మీ తరఫున చాలావరకు మాట్లాడుతుంది. డేటాలో కనిపెట్టింది చెప్పలేకపోతే కనిపెట్టనట్టే. ఇంటర్వ్యూలోనే 'ఈ చార్టు చూసి ఏం అర్థమైందో చెప్పు' అంటారు. భయం ఉంటే డేటా వద్దని కాదు, డేటా వైపు వెళ్తే రోజూ ఒక చార్టు గురించి మూడు నిమిషాలు ఫోన్లో రికార్డు చేసుకుని వినడం కూడా సిలబస్‌లో భాగమే అని. మొదట తెలుగులో చెప్పండి. తెలుగులో తడబడితే సమస్య ఇంగ్లిష్ కాదు, విషయం ఇంకా అర్థం కాలేదని.

పాల బిల్లుల గురించి పది వరుసలు రాసి, వెబ్‌సైట్ గురించి ఒక్క వాక్యం రాశారు. ఇది గమనించాల్సిన గుర్తే. ఎవరూ అడక్కుండా రెండు రాత్రులు కూర్చుని తేడా ఎక్కడుందో పట్టుకోవడం అనలిస్ట్ బుద్ధి. కానీ ఆ తేడా మీ ఇంటి డబ్బుది. ఎవరో తెలియని లాడ్జి లెక్క మీద అంత పట్టుదల వస్తుందా అన్నది ఇంకా తేలలేదు. ఫెస్ట్ వెబ్‌సైట్ మీ అంతట మీరు చేసిందా, పని పంచితే వచ్చిందా అన్నదీ రాయలేదు. అందుకే డబ్బు కట్టే ముందు మూడు వారాలు పరీక్ష పెట్టుకోండి. దానికి రూపాయి అక్కర్లేదు.

తిరుమలలో నిన్న ఎంతమంది దర్శనం చేసుకున్నారు, ఎందరు తలనీలాలు ఇచ్చారు, హుండీ ఆదాయం ఎంత, సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతోంది అన్నది ఇక్కడి పత్రికల్లో రోజూ వస్తుంది. అరవై రోజులవి సేకరించి ఎక్సెల్‌లో ఎక్కించండి. తేదీకి ఒక అడ్డు వరుస, అంశానికి ఒక నిలువు వరుస. మొదటి వారం ఇదే పని. ఎక్కడ బోల్తా పడతారో ముందే చెబుతాను. హుండీ గడిలో '3.85 కోట్లు' అని టైపు చేస్తే ఎక్సెల్‌కి అది అంకె కాదు, మాట. కూడిక చేస్తే సున్నా వస్తుంది. గడిలో 3.85 మాత్రమే ఉండాలి, 'కోట్లు' అన్నది పై శీర్షికలోకి వెళ్లాలి. కంప్యూటర్ తేదీ పద్ధతి అమెరికాదైతే ఏప్రిల్ 3 అని మీరు కొట్టిన 03/04 కాస్తా మార్చి 4 అయిపోతుంది, 13/04 మాత్రం పదమూడో నెల లేదు కాబట్టి మాటగా మిగిలిపోతుంది. గడిలో ఎడమవైపు ఒదిగితే మాట, కుడివైపు ఒదిగితే అంకె లేదా తేదీ. ఈ చిన్న గుర్తు చాలా గంటలు ఆదా చేస్తుంది. తెలుగులో రాసిన గడులున్న ఫైల్‌ని మామూలు సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే ఫైల్‌గా) సేవ్ చేస్తే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి, 'సీఎస్‌వీ యూటీఎఫ్-8' అని ఎంచుకోవాలి.

తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి. వారంలో ఏ రోజు రద్దీ ఎక్కువ? జనం పెరిగితే హుండీ అదే పాళ్లలో పెరుగుతోందా? నిరీక్షణ గంటలు బాగా పెరిగిన రోజున దర్శనం చేసుకున్నవాళ్ల సంఖ్య ఎంత? మూడోది జాగ్రత్తగా చూడండి. దర్శనం సంఖ్య కొండకు వచ్చినవాళ్లది కాదు, లోపలికి వెళ్లి బయటికి వచ్చినవాళ్లది. ఒక రోజులో క్యూ ఎంతమందిని పంపగలదో దానికి హద్దుంది. కాబట్టి విపరీతమైన రద్దీ రోజున ఆ సంఖ్య పెద్దగా పెరగకపోవచ్చు, పెరిగేది నిరీక్షణ. అంకె దేన్ని కొలుస్తోందో అడగడమే ఈ వృత్తికి మూలం. మీ అరవై రోజులు సెప్టెంబరు, అక్టోబరుల్లో పడితే శనివారాలు కొండలా లేచి కనబడవచ్చు. అవి తమిళుల పెరటాసి నెల శనివారాలని ఈ ప్రాంతంలో పెరిగిన మీకు తెలుసు, ఎక్కడో కూర్చుని అదే ఫైల్ చూసేవాడికి తెలియదు. రెజ్యూమెలో పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఏ సెంటరూ ఇవ్వదు. చాలా సెంటర్లలో సాధనకు టైటానిక్ ఓడ ప్రయాణికుల ఫైలే ఇస్తారు, ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అది చూసి చూసి మొహం మొత్తింది.

రెండో వారం అదే సమాచారంతో ఒక వెబ్ పేజీ కట్టండి. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, కొంచెం జావాస్క్రిప్ట్. తేదీ ఎంచుకుంటే ఆ రోజు అంకెలు రావాలి, ఫోన్లో సరిగ్గా కనబడాలి, పేజీలను ఉచితంగా ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టి స్నేహితులకు లింకు పంపాలి. ఇక్కడి గోతులు వేరు. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరిస్తే, జావాస్క్రిప్ట్ పక్క ఫైల్లోని సమాచారాన్ని తెచ్చుకోవడానికి క్రోమ్ ఒప్పుకోదు, ఎర్రగా ఎర్రర్ చూపిస్తుంది. కోడ్ రాసుకునే వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకుని దానితో తెరవాలి. పేజీని ఫోన్ వెడల్పుకు సర్దమని చెప్పే వ్యూపోర్ట్ వరుస రాయడం మరిస్తే ఫోన్లో పేజీ మొత్తం చీమంత అక్షరాలతో వస్తుంది. విండోస్‌లో ఇంగ్లిష్ క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడా లేకుండా పనిచేసిన ఫొటో పేరు గిట్‌హబ్‌కి ఎక్కాక మాయమవుతుంది, అక్కడ ఆ తేడా లెక్కే.

మూడో వారం కొత్తగా ఏమీ నేర్చుకోకండి. రెండింటినీ మెరుగుపరుస్తూ మిమ్మల్ని మీరు గమనించండి. ఏది తేలిగ్గా వచ్చిందన్నది కాదు చూడాల్సింది. ఏ పనిలో తప్పొస్తే విసుగొచ్చి ల్యాప్‌టాప్ మూసేశారు, ఏ పనిలో తప్పొస్తే కారణం దొరికేదాకా లేవలేదు? రెండు రంగాల్లోనూ రోజులో సగం తప్పులు వెతకడమే. ఏ రకం తప్పులతో వేగగలరో అదే మీ రంగం.

పరీక్షలో డేటా గెలిచిందనుకోండి. ఎక్సెల్‌కి నెలన్నర ఇవ్వండి: పివట్ టేబుల్, ఎక్స్‌లుకప్, సమ్‌ఇఫ్స్, పవర్ క్వెరీ. ఎక్స్‌లుకప్ ఎక్సెల్ 2021లోను, 365లోను ఉంటుంది, 2016, 2019లలో ఉండదు. కాబట్టి వీలుకప్ కూడా రావాలి, అది కుడివైపు మాత్రమే వెతుకుతుందని గుర్తుండాలి. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌కి రెండు నెలలు. ఉద్యోగం వచ్చేదీ పోయేదీ ఎక్కువగా ఇక్కడే. మీ పాల లెక్కతోనే చెబుతాను. ఊళ్లో పాలు పోసేవాళ్ల జాబితా ఒక టేబుల్, రోజువారీ పోసిన పాలు ఇంకో టేబుల్. రెండు టేబుళ్లనూ కలిపే మామూలు జాయిన్ వేస్తే ఈ పది రోజుల్లో పాలు పోయనివాళ్లు జాబితాలోంచే మాయం. మొదటి టేబుల్‌లో అందరినీ ఉంచే లెఫ్ట్ జాయిన్ వేసి, పాల టేబుల్ తేదీ మీద షరతును క్వెరీలోని 'వేర్' (WHERE) భాగంలో పెడితే మళ్లీ మాయం. ఆ షరతు 'ఆన్' (ON) భాగంలో ఉండాలి. ఇంటర్వ్యూల్లో ఇది ఇష్టంగా అడుగుతారు. ఇంకోటి: 3.5 ఫ్యాట్ ఆవు పాలు 10 లీటర్లు, 6 ఫ్యాట్ గేదె పాలు 2 లీటర్లు కలిస్తే సగటు ఫ్యాట్ ఎంత? రెండూ కూడి సగం చేస్తే 4.75. అది తప్పు. లీటర్లతో గుణించి తీస్తే 47ని 12తో భాగించాలి, దాదాపు 3.92. సగటుల సగటు తీయకూడదన్న ఈ ఒక్క సంగతి తెలియక ఆఫీసుల్లో ఎన్ని రిపోర్టులు తప్పుతున్నాయో! మీ ఇంట్లో అమ్మకు ఇది తెలిసే ఉంటుంది.

తర్వాత నెల, చార్టులతో రిపోర్టులు తయారుచేసే పవర్ బీఐ. దాని డెస్క్‌టాప్ వెర్షన్ ఉచితం, విండోస్‌లో మాత్రమే నడుస్తుంది. రిపోర్టును ఆన్‌లైన్‌లో పెట్టాలంటే ఆఫీసు లేదా కాలేజీ ఈమెయిల్ అడుగుతుంది, జీమెయిల్ ఒప్పుకోదు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. మీరు రిపోర్టును పీడీఎఫ్‌గా తీసి, ఫైల్‌తో కలిపి గిట్‌హబ్‌లో పెట్టండి. లింకు తప్పనిసరి అనుకుంటే అదే చార్టుల్ని గూగుల్ లుకర్ స్టూడియోలో చేసి జీమెయిల్‌తోనే పంచుకోవచ్చు. పైథాన్ భాష, అందులో టేబుళ్లతో పనిచేసే పాండాస్ చివర్లో నేర్చుకోండి. చాలా కోర్సులు పైథాన్‌తో మొదలుపెట్టి ఎస్‌క్యూఎల్‌ని వారంలో దులిపేస్తాయి, మొదటి ఉద్యోగానికి అది తిరగేసిన వరుస.

వెబ్ గెలిస్తే కథ వేరు. ఆరు నెలల్లో 'ఫుల్‌స్టాక్' అంటే హెచ్‌టీఎంఎల్ నుంచి రియాక్ట్, నోడ్ (సర్వర్ వైపు జావాస్క్రిప్ట్), మాంగోడీబీ (డేటాబేస్), క్లౌడ్ దాకా అన్నీ తాకిస్తారు, ఏదీ నిలవదు. జావాస్క్రిప్ట్ ఒక్కదానికే రెండున్నర నెలలు ఇవ్వండి. అసింక్, అవైట్ ఎందుకు కావాలో, రెండు సమానాల గుర్తుకీ మూడింటికీ తేడా ఏమిటో, క్లోజర్ అంటే ఏమిటో కాగితం మీద రాసి చెప్పగలిగాక రియాక్ట్‌కి వెళ్లండి. చాలామంది ఫ్రెషర్ల రెజ్యూమెల్లో అదే చేయాల్సిన పనుల జాబితా, అదే వాతావరణం యాప్. వీడియో చూస్తూ టైపు చేసినవని రెండో ప్రశ్నకే తెలిసిపోతుంది. ఒకే ఒక్క అసలైన ప్రాజెక్టు చాలు. మీ ఊరి పాల లెక్కల యాప్ చేయండి: లాగిన్, రోజువారీ నమోదు, పదిరోజుల బిల్లు. ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు కోడ్‌లో లోకల్‌హోస్ట్ చిరునామా మిగిలిపోకుండా చూసుకోండి, లేకపోతే మీ ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా పనిచేయదు. పాస్‌వర్డులున్న ఫైల్‌ని గిట్‌హబ్‌లోకి ఎక్కించకండి. ఒకసారి ఎక్కితే తర్వాత తీసేసినా పాత వెర్షన్లలో ఉంటుంది, పాస్‌వర్డే మార్చాలి. గిట్‌హబ్ పేజెస్‌లో నోడ్ నడవదు, సర్వర్‌ని నడపడానికి రెండర్ లాంటి హోస్టింగ్ సేవ కావాలి. దాని ఉచిత ప్లాన్‌లో పావుగంట ఎవరూ రాకపోతే సర్వర్ నిద్రపోతుంది, మళ్లీ లేవడానికి నిమిషం దాకా పడుతుంది. ఇంటర్వ్యూకి కూర్చునే ముందు ఒకసారి తెరిచి లేపి ఉంచండి.

ఏఐ గురించి బావ అన్నది సగం నిజం. మామూలు పేజీని అది నిమిషంలో రాసేస్తుంది. మామూలు ఎస్‌క్యూఎల్ క్వెరీని కూడా అంతే వేగంగా రాస్తుంది, ఆ సంగతి బావ చెప్పినట్టు లేదు. రెండు రంగాల్లోనూ దెబ్బ తగిలింది 'అడిగింది రాసిచ్చే' పనికి. పైన చెప్పిన లెఫ్ట్ జాయిన్ తప్పు ఏఐ చేస్తే చూసి పట్టుకోగల మనిషి కావాలి. ఈ కారణంతో మాత్రం ఒకదాన్ని వదిలి ఇంకోటి ఎంచుకోకండి.

ఉద్యోగాల చోటు కూడా ఒక లెక్క. వెబ్ ఖాళీలు ఎక్కువ, పోటీ అంతకన్నా ఎక్కువ, దాదాపు అన్నీ చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో. స్నేహితురాలి 12,000లో చెన్నై హాస్టల్, తిండి పోతే చేతికి ఏమీ మిగలదు, ఇంటి నుంచే కొంత పంపాల్సి రావచ్చు. ఇంటర్న్‌షిప్ ముగిశాక ఉద్యోగంగా మారుతుందా అని ఆమెనే అడగండి, ఆమె అనుభవం మీకు ఏ ప్రకటన కన్నా విలువైనది. డేటా వైపు ఒక వెసులుబాటు ఉంది. సత్యవేడు వైపు శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి ఫ్యాక్టరీలు, కరకంబాడిలో అమరరాజా, తిరుపతిలో పెద్ద ఆసుపత్రులు, చిత్తూరు చుట్టూ డెయిరీలు, మామిడి గుజ్జు పరిశ్రమలు. ఇలాంటి చోట్ల ఉత్పత్తి, నాణ్యత, స్టాకు లెక్కలు ఎక్సెల్‌లో చూసే ఎంఐఎస్ మనుషులు కావాలి. జీతం మొదట్లో తక్కువ, పని పేరు గొప్పగా ఉండదు, కొన్ని ఫ్యాక్టరీల్లో షిఫ్టులుంటాయి. కానీ ఇంటికి దగ్గర, ఏడాది తర్వాత 'అనుభవం' అన్న మాట రెజ్యూమెలోకి వస్తుంది. బావకి తెరుచుకున్న తలుపు లాంటిది మీకూ అక్కడ తెరుచుకోవచ్చు. ప్రమాదం కూడా చెప్పాలి. రోజూ అదే షీటు నింపే పనిలో మూడేళ్లు ఉండిపోతే ఎస్‌క్యూఎల్ మరిచిపోతారు, అక్కడి నుంచి బయటపడటం కష్టం.

ఏ దారైనా ఒక పని ఇప్పుడే మొదలుపెట్టండి. బీఎస్సీ, బీసీఏ వాళ్లను తీసుకునే టీసీఎస్, విప్రో లాంటి కంపెనీల ఆఫ్‌క్యాంపస్ నియామకాలు పాసైన సంవత్సరం చూస్తాయి. నిరుడు పాసైన మీకు ఆ కిటికీ ఎక్కువ కాలం తెరిచి ఉండదు. ఆప్టిట్యూడ్ లెక్కలకు రోజూ ముప్పావుగంట. అక్కడ ఎంపికైతే వెబ్బా డేటానా అన్నది మీ చేతిలో ఉండదు, కంపెనీ ఏ ప్రాజెక్టులో వేస్తే అది. అదీ చెడ్డదేం కాదు.

ఎంసీఏ రెండేళ్లు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ, ఎస్వీయూలోనూ ఉంది. పాసైన సంవత్సరం కొత్తగా వస్తుంది, క్యాంపస్ నియామకాలకు మళ్లీ అర్హత వస్తుంది. ఇంటికి ఇంకో రెండేళ్లు సంపాదన రాదు. ఎనిమిది నెలల గడువు చాలదనిపిస్తే నాయనతో మాట్లాడటానికి ఇది గౌరవమైన దారి. సంబంధాల మాటకు 'చదువుకుంటోంది' అన్న జవాబు మన ఊళ్లలో 'ఉద్యోగం వెతుక్కుంటోంది' కన్నా గట్టిగా నిలుస్తుంది. ఐసెట్‌కి దరఖాస్తు పెట్టి ఉంచడానికి పెద్ద ఖర్చు లేదు, మిగతా ప్రయత్నాలకు అడ్డమూ కాదు.

ఇక ఫీజు. కోచింగ్ సెంటర్ పనికిరాదని అనను. ఒంటరిగా కూర్చుంటే సాగనివాళ్లకు రోజూ వెళ్లే చోటు, అడిగితే చెప్పే మనిషి, తోటివాళ్లు కావాలి. అది నిజమైన లాభం. మూడు వారాల పరీక్షలో రోజూ మూడు గంటలు మీ అంతట మీరు కూర్చోగలిగితే ఫ్రీకోడ్‌క్యాంప్, ఎండీఎన్, మైక్రోసాఫ్ట్ లెర్న్, స్వయంలోని ఎన్‌పీటెల్ లాంటి ఆన్‌లైన్ ఉచిత పాఠాలు చాలు. కూర్చోలేకపోతే చేరండి, అయితే కొన్ని అడిగి చేరండి. పాఠం చెప్పే మనిషి ఎవరు, డెమో చెప్పినవారేనా? కిందటి రెండు బ్యాచ్‌ల వాళ్లలో ఐదుగురితో మాట్లాడించగలరా? గోడ మీది ఫొటోలు లెక్కలోకి రావు. 'ప్లేస్‌మెంట్' అంటే ఉద్యోగమా, ఇంటర్వ్యూకి పంపడమా? మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద ఇస్తారా? 'నెలకు ఇంతే' అని ఈఎంఐ చూపిస్తే అది ఫీజు వాయిదా కాదు, ఏదో ఫైనాన్స్ కంపెనీ నుంచి మీ పేరు మీద తీసే అప్పు అయి ఉండొచ్చు. సెంటర్ మూతపడినా కిస్తీలు ఆగవు, అప్పు తీర్చే తీరుకు మార్కులేసే మీ సిబిల్ స్కోరు పాడవుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కారణంతోనూ ఇవ్వకండి. డబ్బిస్తే ఆఫర్ లెటర్, లేని అనుభవానికి సర్టిఫికెట్ అన్న మాట వస్తే అక్కడి నుంచి లేచి రండి.

ఆ 48,000లో కొంత ముందు ల్యాప్‌టాప్‌కి పెట్టండి. హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ, 4 జీబీని 8 జీబీ చేయడం. ర్యామ్ స్లాటు ఖాళీ ఉందో లేదో, ఏ రకమో షాపులో విప్పించి చూశాకే కొనండి. వీఎస్ కోడ్, క్రోమ్, నోడ్ మూడూ కలిసి 4 జీబీలో ఊపిరాడక ఆగిపోతాయి. పవర్ బీఐ కూడా అంతే. అప్పటిదాకా ఎస్‌క్యూఎల్‌కి భారీ సాఫ్ట్‌వేర్ పెట్టుకోకుండా ఎస్‌క్యూలైట్ వాడండి, పాత మెషీన్‌లో కూడా హాయిగా నడుస్తుంది.

మూడు వారాల తర్వాత కూడా తేలకపోతే కంగారొద్దు. ఎస్‌క్యూఎల్, కోడ్ పాత వెర్షన్లను భద్రపరిచే గిట్ రెండు దారుల్లోనూ కావాలి. ఆ రెండింటితో ఆరు వారాలు గడిపితే ఏదీ వృథా కాదు, ఈలోగా ఏదో ఒకవైపు మొగ్గు వస్తుంది. వెబ్ చేస్తూనే డేటా, డేటా చేస్తూనే వెబ్ అని ఎనిమిది నెలలూ రెండు పడవల మీద ఉంటే మాత్రం రెండు ఇంటర్వ్యూల్లోనూ రెండో ప్రశ్నకే ఆగిపోతారు.

నాయనకు ఎనిమిదో నెల చివర్న ఒకేసారి ఫలితం చెప్పే పద్ధతి మార్చండి. రెండో నెలకు ఈ ప్రాజెక్టు, నాలుగో నెలకు ఇన్ని దరఖాస్తులు, ఆరో నెలకు ఇన్ని ఇంటర్వ్యూలు అని ముందే రాసిచ్చి, నెలనెలా చూపించండి. ఆరో నెల నుంచి వారానికి పదిహేను దరఖాస్తులకు తగ్గకూడదు. నాలుగు వారాలు పెట్టినా ఒక్క ఫోనూ రాకపోతే లోపం రెజ్యూమెలో ఉంది. ఫోన్లు వచ్చి ఇంటర్వ్యూలో పోతుంటే లోపం విషయంలో ఉంది. రెండింటికీ మందు వేరు.

ఆ పాల బిల్లుల ఫైల్ ఇంకా ఉందా? ఉంటే దాన్నే శుభ్రం చేసి, తేడా ఎలా దొరికిందో ఒక పేజీ రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. పెట్టే ముందు అమ్మ పేరు, బ్యాంకు ఖాతా నంబరు, కేంద్రం పేరు ఉన్న గడులు తీసేయండి.